పల్లెసేవను వృత్తిగా ఎంచుకునేవారికి: బోయిన్‌పల్లి నుంచి ఒక దారి

డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలను తర్వాత ఏం చేస్తారని అడిగితే సాఫ్ట్‌వేర్, బ్యాంకు, గ్రూప్స్ అనే జవాబుల మధ్య అప్పుడప్పుడు ఒక వేరే మాట వినిపిస్తుంది: "పల్లెలో ఉండి పనిచేయాలని ఉంది." అలా చెప్పేవాళ్ళలో కొందరు చర్చిలో పెరిగి మిషనరీగా వెళ్ళాలనుకునేవారు. కొందరికి మతంతో నిమిత్తం లేదు. తమ అమ్మమ్మ ఊళ్ళో చూసిన కష్టమే వాళ్ళను కదిలించింది. ఇద్దరి ఇళ్ళలోనూ వచ్చే ప్రశ్న ఒకటే: "బతుకుదెరువు ఎట్లా?" అడగాల్సిన ప్రశ్నే అది. ఈ వ్యాసం ఆ పిల్లలకూ, ఆ ప్రశ్న అడిగే తల్లిదండ్రులకూ.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. పల్లెకు జాలి గుండె ఒక్కటే చాలదు. చేతిలో నేర్చిన పని ఉండాలి, నోట్లో ఆ ఊరి భాష ఉండాలి, వారానికో క్రమం ఉండాలి. ఈ మూడూ ఉన్నవాళ్ళే నిలబడ్డారు. లేనివాళ్ళు మంచి మనసుతో వెళ్ళినా, ఊరికి తామే భారమై తిరిగొచ్చారు.

ముందు నడిచినవాళ్ళు

బోయిన్‌పల్లి మీదుగా ఉత్తరానికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి దాటి డిచ్‌పల్లి చేరుతుంది. 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి మన దేశానికి వచ్చిన స్కాట్లండ్ వైద్యురాలు ఇజబెల్ కెర్, 1915లో ఆ డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి తెరిచారు. ఆ రోగమంటే ఊరి బయటికి తరిమేసే కాలమది. ఆమె ప్రార్థనతో పాటు వైద్యాన్నీ పట్టుకున్నారు. కలకత్తాలో డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లతో చేస్తున్న చికిత్సను నేర్చుకుని డిచ్‌పల్లిలో అమలుచేశారు, ఇతరులకు నేర్పారు. ఆసుపత్రికి డబ్బిచ్చిన పెద్దల్లో నిజామాబాద్‌కు చెందిన హిందూ దాత రాజా నర్సాగౌడ్ ఒకరు. పని నాణ్యంగా ఉంటే మతాల గీత దాటి చేయూత వస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రెండో ఉదాహరణ డోర్నకల్. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. వై.ఎం.సి.ఏ.లో మంచి హోదా వదులుకుని 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. ముప్పై దాటిన వయసులో తెలుగు నేర్చుకున్నారు, ఎడ్లబండి మీద ఊళ్ళు తిరిగారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో కన్నుమూసేదాకా డోర్నకల్‌నే అంటిపెట్టుకుని ఉన్నారు. ఆయన జీవితం నుంచి ఉద్యోగార్థి నేర్చుకోవలసింది రెండే: భాషకు సిగ్గుపడకపోవడం, ఒకేచోట ఏళ్ళ తరబడి ఉండటం.

బోయిన్‌పల్లిలో ఏముంది?

వెనకబడినవాళ్ళకు తోడుండే ఇలాంటి పనిని ఇవాళ శాస్త్రీయంగా నేర్పే చోటు బోయిన్‌పల్లిలోని మనోవికాస్‌నగర్. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై, ఇప్పుడు మేధో దివ్యాంగుల సాధికారత జాతీయ సంస్థగా, పొట్టిపేరుతో ఎన్ఐఈపీఐడీగా పిలుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ అక్కడుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల పరీక్ష, చికిత్స, చదువు, ఉపాధి అన్నీ ఒకే ఆవరణలో చూడవచ్చు. పల్లెల్లో పనిచేయాలనుకునేవాళ్ళకు దీన్ని ముందుగా చూపించడానికి కారణం ఉంది. ఊళ్ళో అందరికన్నా వెనక మిగిలిపోయేది ఈ పిల్లలే. వీళ్ళకు సాయం చేయడం నేర్చుకున్నవాళ్ళకు ఏ ఇంటి తలుపైనా తెరుచుకుంటుంది.

ఒక వారం ఎలా గడుస్తుంది?

చర్చి పంపినవారైనా, స్వచ్ఛంద సంస్థ నియమించినవారైనా, దివ్యాంగుల పునర్వాసంలో పనిచేసే కార్యకర్త వారం కాస్త అటూఇటుగా ఇలా ఉంటుంది.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. వైకల్య ధ్రువపత్రం లేని పిల్లాడికి పింఛను లేదు, బస్ పాస్ లేదు. దరఖాస్తు చేసి స్లాటు తీసుకోవడం, శిబిరానికి కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్ళడం, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) వచ్చేదాకా వెంటపడటం కార్యకర్త పనే. ఇచ్చిన ప్రతి దరఖాస్తుకూ నకలు, రసీదు, తేదీ ఉండాలి. కాగితం పని విసుగనిపించేవాళ్ళు ఒకసారి ఆలోచించండి: చదువురాని తల్లికి మీరు చేయగల పెద్ద సాయం చాలాసార్లు అదే.

మంగళ, బుధవారాలు ఇళ్ళ సందర్శన. నాట్ల కాలంలో, పత్తి తీతలో పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. పొద్దున ఏడు లోపు గానీ, దీపాలు పెట్టాక గానీ వెళ్ళాలి. ఎండాకాలం మధ్యాహ్నం తిరిగితే వడదెబ్బ తగిలేది మీకే. గడపలో అడుగుపెట్టగానే నాయనమ్మ అడిగేది ఒకటే: "నడుస్తడా బిడ్డా?" తెలియనిది తెలుసని చెప్పకూడదు. ఉన్న ఆశను తుంచకూడదు. ఆరో నెల వచ్చినా మెడ నిలపని బిడ్డను, ఏడాదిన్నర దాటినా నడవని బిడ్డను గుర్తుపట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలకు ఈ పరీక్షలు ఉచితం.

ఇంట్లో నేర్పే పద్ధతి ఒకటి చెబుతాను. సొంతంగా అన్నం తినడం రాని పిల్లాడికి ఆ పనిని ముక్కలు చేస్తారు: కలపడం, ముద్ద చేయడం, చెయ్యి ఎత్తడం, నోట్లో పెట్టుకోవడం. చివరి మెట్టు నుంచి మొదలుపెడతారు. తల్లి ముద్ద చేసి, పిల్లాడి చేతిలో పెట్టి, ఆ చేతిని నోటి దగ్గరిదాకా తెస్తుంది. మిగిలిన జానెడు దూరం వాడే పూర్తిచేస్తాడు. తిన్నది తన చేత్తోనే కాబట్టి గెలిచిన సంతోషం వాడిదే. అది కుదిరాక ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతారు. నెలలు పట్టవచ్చు. ఓపికకు కూడా ఒక పద్ధతి ఉంటుందని ఈ చదువు నేర్పుతుంది.

గురువారం బడి, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం. ప్రతి పిల్లాడికీ విడిగా రాసుకునే విద్యా ప్రణాళిక ప్రకారం ఏం కుదిరింది, ఏం కుదరలేదు అని టీచరుతో కూర్చుని చూసుకోవాలి.

శుక్రవారం సమావేశాలు. అంగన్‌వాడీ టీచరు, ఆశా, ఏఎన్ఎం, మహిళా సంఘం నాయకురాలు: వీళ్ళ నలుగురితో మాట లేకుండా ఊళ్ళో ఏ పనీ సాగదు. స్పర్శ తెలియని మచ్చ కనబడితే కుష్ఠు పరీక్షకు పంపాలని, మందులు ఉచితమని, రోగరకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే నయమవుతుందని సంఘంలో చెప్పేది ఇక్కడే. ఇజబెల్ కెర్ కాలంలో ఇంజెక్షన్ల నొప్పి భరించినా ఖాయం కాని నయం, ఇవాళ మాత్రల పొట్లంలో ఉంది. అయినా భయం పోలేదు. అందుకే చెప్పేవాళ్ళు ఇంకా కావాలి.

శనివారం రికార్డులు, నివేదికలు, భాష. ఏజెన్సీలో ఉంటే కోయ, గోండి. తండాలో ఉంటే లంబాడీ. వారానికి ఒక పూట భాషకే కేటాయించండి. దోమతెర, కాచి చల్లార్చిన నీళ్ళు, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష: ఈ మూడింటిని వానాకాలంలో మరవకండి.

ఆదివారం చర్చి సేవకుడికి అన్నిటికన్నా బరువైన రోజు: పొద్దున ఆరాధన, పిల్లల సండేస్కూలు, సాయంత్రం మంచం పట్టినవాళ్ళ పరామర్శ. అలాంటివారు వారంలో మరో రోజు సెలవు తప్పక తీసుకోవాలి. విశ్రాంతి లేని సేవ రెండేళ్ళు దాటదు.

ఏం చదవాలి?

ప్రత్యేక విద్య: ఇంటర్ తర్వాత డి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ రెండేళ్ళు. డిగ్రీ తర్వాత బి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్. జాతీయ విద్యా విధానంతో కోర్సుల స్వరూపం మారుతోంది కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకునే దరఖాస్తు చేయండి. గ్రామస్థాయి పనికి 2021లో మొదలైన ఆరు నెలల సమాజ ఆధారిత సమ్మిళిత అభివృద్ధి (సీబీఐడీ) సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. అది పూర్తిచేసినవారిని దివ్యాంగ్ మిత్ర అంటారు. ఏది చదివినా భారత పునర్వాస మండలి గుర్తింపు ఉందో లేదో ముందు చూడండి. 1992 నాటి చట్టం ప్రకారం ఆ మండలిలో పేరు నమోదు కాకుండా ఈ వృత్తి చేయడం నేరం.

వేదాంత విద్య: మిషనరీ లేదా పాస్టరు కావాలనుకునేవారికి ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడి బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) డిగ్రీ సెరాంపూర్ కళాశాల సెనేట్ ఇచ్చేది. చేరడానికి సాధారణంగా సొంత సంఘం సిఫార్సు కావాలి. సేవారంగం బయట ఆ డిగ్రీ ఏ ఉద్యోగానికి పనికొస్తుందో చేరకముందే కనుక్కోండి. నా సలహా: వేదాంతంతో పాటు నర్సింగ్, ప్రత్యేక విద్య, సామాజిక సేవ వంటి మరో చదువు కూడా చేతిలో ఉంచుకోండి.

సామాజిక సేవ, గ్రామీణాభివృద్ధి: ఉస్మానియాలో, రోడా మిస్త్రీ కళాశాలలో ఎం.ఎస్.డబ్ల్యు.; రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో పీజీ డిప్లొమా. తేల్చుకోలేకపోతున్న డిగ్రీ పట్టభద్రులకు 13 నెలల ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ మంచి పరీక్ష. వయసు 21 నుంచి 32 మధ్య ఉండాలి.

బతుకుదెరువు సంగతి

స్వచ్ఛంద సంస్థల్లో మొదటి జీతం తక్కువే. ఆ నిజం దాచకూడదు. ప్రత్యేక విద్యలో మాత్రం తలుపులు తెరుచుకుంటున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల శాశ్వత పోస్టులు నింపాలని చెప్పింది. 2022లో కేంద్ర ప్రభుత్వం, ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మందికి, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని నిర్దేశించింది.

ఏ సంస్థలో చేరేముందైనా ఇవి అడగండి: నియామక పత్రం ఇస్తారా? పీఎఫ్, ఆరోగ్య బీమా ఉన్నాయా? విదేశీ విరాళాలు తీసుకుంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉందా? ఆడపిల్లలైతే బస, రాకపోకల ఏర్పాటు ఏమిటి? ఈ ప్రశ్నలకు "సేవకు వచ్చావు, జీతం మాటెందుకు?" అనే సమాధానం వస్తే అక్కడ చేరకండి.

దాటకూడని గీతలు

రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇచ్చింది. పొరుగున ఒడిశాలో 1967 నుంచీ, ఛత్తీస్‌గఢ్‌లోనూ మతమార్పిడులను నియంత్రించే చట్టాలున్నాయి. వెళ్ళేవాళ్ళు వాటిని చదివే వెళ్ళాలి. చట్టం మాట పక్కనపెట్టినా, మందు ఇచ్చి, బియ్యం ఇచ్చి బదులుగా విశ్వాసం అడగడం తప్పు. అవసరంలో ఉన్నవాడు "సరే" అన్న మాటలో స్వేచ్ఛ ఉండదు. పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ పరువు కోసం దాచినా అది నేరమే. అనుమతి లేకుండా రోగి ఫొటో, పిల్లాడి ఫొటో ఎక్కడా పెట్టకండి.

మొదటి అడుగు

ఈ వేసవిలోనే ఒక నెల తీసుకోండి. ముందు మనోవికాస్‌నగర్‌కు వెళ్ళి కోర్సుల వివరాలు అడగండి. తర్వాత మీ సొంత మండలంలోని భవిత కేంద్రానికి వెళ్ళి, అనుమతి తీసుకుని, రోజూ సాయంగా కూర్చోండి. ఆ నెలాఖరుకు మీ మనసు మీకే తెలుస్తుంది: అక్కడికి వెళ్ళాలనిపించిందా, వెళ్ళాలి కదా అని వెళ్ళారా? రెండో జవాబైతే సిగ్గుపడనక్కర్లేదు. మీ దారి వేరే. మొదటిదైతే చదువులో చేరండి, పూర్తయ్యాక కనీసం మూడేళ్ళు ఒకే మండలంలో ఉంటానని మాట ఇచ్చుకోండి.

ఎక్కడా ఉద్యోగం రానివాళ్ళ కోసం మిగిలిన పని కాదిది. మెడ నిలపని పసిబిడ్డను గుర్తుపట్టడానికి, భయపడిన తల్లికి సరైన మాట చెప్పడానికి, ఆఫీసులో ఆగిన కాగితాన్ని కదిలించడానికి తెలివైనవాళ్ళే కావాలి. మీకు మంచి మార్కులుంటే, నలుగురిలో ముందుండే చురుకుంటే, పల్లె మీలాంటివాళ్ళనే అడుగుతోంది.