ఊరి పాట ఎవరి పాట?

పాటకు కాళ్ళు లేవు గాని మనిషికన్నా ముందే ఊళ్ళు తిరుగుతుంది. ఆదిలాబాద్ జిల్లా లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య ‘ఊరు మనదిరా’ పాటను, రాసిందెవరో తెలియకుండానే ఎందరో పాడుకున్నారు. నేడు ఆ తిరుగుడు ఇంటర్నెట్‌లో సాగుతోంది. కంపెనీ అండలేని గాయకునికి దీనివల్ల లాభమా, నష్టమా?

వెనుకట ప్రధానులు కీక్రి వాయిస్తూ రాజ్‌గోండుల వంశగాథలు పాడితే, పోషకుల కుటుంబాలు ధాన్యమో పశువో ఇచ్చేవి. ఒగ్గు కథకునికి బీరప్ప, మల్లన్న కొలుపులే ఆధారం. విన్నవాడూ ఇచ్చినవాడూ ఎదురుగానే ఉండేవారు. క్యాసెట్టు వచ్చాక పాట దూరం పోయింది గాని, లెక్క అమ్మేవాని దగ్గర మిగిలింది.

2005లో యూట్యూబు వచ్చింది. 2016లో జియో రాకతో డేటా చౌకయింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ బృందం, గంగవ్వ ప్రపంచానికి పరిచయమయ్యారు. పట్నం పోకుండానే పేరు తెచ్చుకోవచ్చని రుజువైంది. ఇప్పుడు ఒక ఊళ్ళో పాట రాస్తే, మరో ఊళ్ళో డప్పు కొట్టి, కరీంనగర్‌లో మిక్సింగు చేయవచ్చు. మామూలు వీడియోల మీద ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఛానల్‌కే వస్తుంది. అయితే ఆ దారిలో ముందు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అసలు చిక్కు ఏమంటే, డబ్బు ఛానల్‌కు వస్తుంది, పాడిన గొంతుకు కాదు.

ఇది నాకు అనుభవంతో తెలిసింది. మా నాయనమ్మ నాట్ల పాటను ఫోన్లో రికార్డు చేసి పెట్టాను. కొన్నాళ్ళకు ఎవరో ఆమె గొంతుకు డీజే దరువు జోడించి, తమదిగా నమోదు చేసుకున్నారు. తర్వాత మా వీడియోకే నోటీసు వచ్చింది! యంత్రం తన దగ్గర నమోదైన ధ్వనితో పోల్చి చూస్తుందే గాని, ముందు పాడిందెవరని అడగదు. అభ్యంతరం పెట్టాను. జవాబివ్వడానికి అవతలివారికి 30 రోజుల గడువుంటుంది. చివరికి వాళ్ళు తప్పుకున్నారు.

సంతోషంగా చెబితే నాయనమ్మ అడిగింది: “వాడు నా పేరు పెట్టలే, సరే. నువ్వేం పెట్టినవ్ బిడ్డా?”

చూసుకున్నాను. ‘పల్లె పాట’ అని మాత్రమే రాశాను. సిగ్గుతో తల వంచుకున్నాను.

చట్టం ఏమంటుందో తర్వాత చదివాను. 1957 కాపీరైటు చట్టంలో 1994 సవరణతో గాయకులకు ప్రదర్శన హక్కు వచ్చింది. 1999లో దాని గడువు 50 ఏళ్ళయింది. 2012 సవరణ, పాడింది తానేనని చెప్పించుకునే హక్కును కూడా ఇచ్చింది. పాట తరతరాలదైనా, దాన్ని పాడిన గొంతు ఒక మనిషిది. ఆ హక్కును మొదట మరచింది నేనే.

మిత్రులారా! పాటను పంచుకోవడం మానమని నేననను. పంచుకోకపోతే నాట్లేసే మిషన్లు వచ్చిన పొలాల్లో ఆ పాట చచ్చిపోతుంది. కాని రికార్డు చేసే ముందు అడగండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయండి. అసలు ఫైలు దాచుకోండి. కలిసి పాట చేసేటప్పుడు ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద పెట్టుకోండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ పని మనలో ఎవరైనా చేయగలరు.

మా వీడియో కింద ఇప్పుడు నాయనమ్మ పేరుంది. ఆమెకు చదువు రాదు. పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని ఇప్పటికి రెండుసార్లు అడిగింది.