ఫొటోలో ఇల్లు, ఎదుట ఇల్లు

అనంతపురం పట్టణం శివారులో ఒక ఇల్లు ఉంది. రెండు గదులు, వంటిల్లు, ముందు అరుగు. పైన బండల మిద్దె. కింద తాడిపత్రి బండలు. వాకిట్లో వేపచెట్టు.

ఆ ఇంట్లో తల్లీ కూతుళ్లు ఉంటారు. తండ్రి లేడు. బతికి ఉన్నప్పుడు ఊరిలో చెనక్కాయ పంట పెట్టేవాడు. మన అనంతపురం ప్రాంతంలో వాన తక్కువ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. అది కూడా వేళకు రాదు. నీళ్ల కోసం ఆయన మూడు బోర్లు వేయించాడు. మూడింటిలోనూ నీళ్లు పడలేదు. అప్పు మాత్రం మిగిలింది.

వడ్డీ పెరుగుతూ ఉంది. ఇల్లు తల్లి పేరు మీదే ఉంది. అది అమ్మి అప్పు తీర్చాలని ఆమె అనుకుంది. మిగిలిన డబ్బుతో ఊరిలోని పాత ఇల్లు బాగు చేసుకోవాలి. కూతురికి కుట్టుమిషను కొనాలి. ఇదీ వాళ్ల ఆలోచన.

బ్రోకరు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం సెల్‌ఫోనుతో పది ఫొటోలు తీశాడు. మంచం మీద దుప్పట్లు చెదిరి ఉన్నాయి. దండెం మీద బట్టలు ఉన్నాయి. వంటింట్లో అంట్లు కూడా అట్లాగే ఉన్నాయి.

"ఉండు నాయనా, కొంచెం సర్దుతాం" అంది తల్లి.

"ఏం అక్కర్లేదమ్మా. అన్నీ ఫోన్లోనే సర్దుతా" అన్నాడు బ్రోకరు.

సాయంత్రం కూతురు ఫోనుకు ఆ ఫొటోలు వచ్చాయి. ఇద్దరూ చూసి ఆశ్చర్యపోయారు. గోడ మీద పగులు లేదు. బండల సందున వాన కారిన మరక లేదు. ఎర్రమట్టి వాకిట్లో పచ్చగడ్డి ఉంది! ఆకాశం సిరా పోసినట్టు నీలంగా ఉంది. చిన్న గది పెళ్లి మండపమంత కనిపిస్తోంది. ఇంటి ముందు కరెంటు స్తంభం మాయమైంది. దానితో పాటు వేపచెట్టు సగం కొమ్మ కూడా పోయింది. నీళ్ల బిందెలు తీసేశాడు. కానీ బిందెల నీడలు నేల మీద అట్లాగే ఉన్నాయి.

"ఇది మన ఇల్లేనా?" అంది తల్లి.

కూతురు నవ్వింది. తల్లికి నవ్వు రాలేదు.

ఆ ఫొటోలు చూసి బెంగళూరు నుండి భార్యాభర్తలు వచ్చారు. సుమారు 200 కిలోమీటర్ల దూరం. బాడుగ కారు మాట్లాడుకుని వచ్చారు. వాకిట్లో నిలబడి ఒకసారి ఫోను చూశారు. ఒకసారి ఇల్లు చూశారు.

"ఆ గడ్డి యాడుందమ్మా?" అని అడిగింది భార్య.

తల్లి తల వంచుకుంది. వాళ్లు లోపలికి వచ్చారు. మంచం వేస్తే గదిలో నడవడానికి చోటు చాలదని తెలిసింది. గోడ మీద పగులు కనిపించింది.

"ఈ పగులు దాచినారు. ఇంకా ఏమేమి దాచినారో!" అన్నాడు భర్త.

నిజానికి అది పెద్ద పగులు కాదు. సిమెంటు పూతకు వచ్చింది, గోడకు కాదు. ఇంటి కాగితాలన్నీ సరిగా ఉన్నాయి. కొళాయి నీళ్లు వస్తాయి. తల్లి ఈ మాటలన్నీ చెప్పింది. వాళ్లు వినలేదు. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు.

తర్వాత ఇంకా ఇద్దరు వచ్చారు. ఒకాయన వాకిట్లో నుంచే వెనక్కి తిరిగాడు. ఇంకొకాయన సగం ధరకు అడిగాడు.

ఆ వారం పొదుపు సంఘం సమావేశంలో తల్లి తన బాధ చెప్పుకుంది. టమోటాలు అమ్మే అక్క ఇట్లా అంది:

"గంపలో పైన మంచికాయలు పెట్టి, కింద పుచ్చుకాయలు పెడితే ఒక రోజు అమ్ముడుపోతాయి. రెండో రోజు ఆ గంప దగ్గరికి ఎవరూ రారు. ఇల్లు అట్లా ఒక్క రోజు కూడా అమ్ముడుపోదు. లోపలికి వచ్చి చూడకుండా ఎవరు కొంటారు? నీ ఇంట్లో పుచ్చు లేదు. నీ ఫొటోలో ఉండాది."

సంఘం లీడరు చట్టం సంగతి చెప్పింది.

"1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. దానిలో 55వ సెక్షను చూడండి. ఇంట్లో పైకి కనపడని పెద్ద లోపం ఉందనుకోండి. అది అమ్మేవాళ్లకు తెలిస్తే కొనేవాళ్లకు చెప్పాల. ఇంకొకటి 1872 నాటి కాంట్రాక్టు చట్టం. మోసంతో చేసుకున్న ఒప్పందాన్ని మోసపోయినవాళ్లు రద్దు చేసుకోవచ్చు. ఫొటో తీసింది బ్రోకరే. కానీ ఇల్లు నీది. మాట పడేది నువ్వే."

మరుసటి రోజు తల్లీ కూతుళ్లు పని మొదలుపెట్టారు. గోడలకు సున్నం కొట్టారు. బండలు కడిగారు. దుప్పట్లు మడత పెట్టారు. దండెం తీసేశారు. బిందెలు పక్కన పెట్టారు. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేశారు. మేస్త్రీని పిలిచి పగులు చూపించారు. బాగు చేయడానికి ఎంత అవుతుందో చీటీ రాయించుకున్నారు.

ఇంటి ముఖం తూర్పుకు ఉంది. అందుకని ఉదయం ఎండ వాకిట్లో పడేటప్పుడు కూతురు ఫొటోలు తీసింది. ముందు ఫోను అద్దాన్ని కొంగుతో తుడిచింది. తలుపులు, కిటికీలు తెరిచింది. గది మూలన నిలబడి, ఫోను రొమ్ము ఎత్తున నిలువుగా పట్టుకుంది. ఫోను వాలితే గోడలు కూడా వాలినట్టు కనిపిస్తాయి. వీధి, కొళాయి, బాత్‌రూము కూడా తీసింది. పగులును దగ్గర నుండి తీసింది.

ఒక ఫొటో చీకటిగా వచ్చింది. దానికి కొంచెం వెలుగు పెంచింది. అంతే. దేన్నీ చెరపలేదు. దేన్నీ అతికించలేదు. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు అని టేపుతో కొలిచి రాసింది.

తల్లి బ్రోకరును పిలిచింది. "పాత ఫొటోలు తీసెయ్యి నాయనా. నా ఇంటిని నా ఇల్లు మాదిరే చూపించు" అంది.

ఈసారి ఫోన్లు తక్కువ వచ్చాయి. కానీ వచ్చినవాళ్లు ఇల్లు ఎట్లా ఉందో తెలిసి వచ్చారు. ఊర్లోనే ఉండే ఒక కుటుంబం వచ్చింది. తల్లి పగులు చూపించబోయింది.

"ఫొటోలో చూసినాంలేమ్మా. మేస్త్రీ చీటీ ఇవ్వు" అన్నారు వాళ్లు.

బేరం జరిగింది. అడిగిన ధరకు కొంచెం తగ్గింది. సగం ధర కంటే చాలా ఎక్కువ వచ్చింది. అప్పు తీరింది.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆమె ఫొటో, వేలిముద్రలు తీసుకున్నారు. ఇది 2001 నాటి చట్ట సవరణతో వచ్చిన పద్ధతి. అమ్మేవాళ్లవీ, కొనేవాళ్లవీ తీసుకుంటారు. తల్లి దస్తావేజును కూడబలుక్కుంటూ చివరి దాకా చదివింది. వెనక ఉన్నవాళ్లు తొందర పెట్టారు. ఆమె తొందరపడలేదు. చదివిన తర్వాతే తన పేరు రాసింది.

తెలుసుకోండి

1. ఫొటోను సర్దడం కంటే ముందు ఇంటిని సర్దండి.
2. చీకటి ఫొటోకు వెలుగు పెంచవచ్చు. వంకరగా వచ్చిన ఫొటోను నిలువు చేయవచ్చు. అది తప్పు కాదు.
3. పగులు చెరపడం, లేని గడ్డి పెట్టడం, గదిని సాగదీయడం తప్పు.
4. బీరువా, నగలు, ఆడపిల్లలు ఫొటోల్లో పడకుండా చూడండి.
5. ఆధార్, దస్తావేజు ఫొటోలు తెలియనివాళ్లకు పంపకండి. కొనడానికి వచ్చినవాళ్లకు ఎదుటనే చూపండి.
6. మీరు కొనేవాళ్లయితే ఫొటో చూసి అడ్వాన్సు ఇవ్వకండి. ఇల్లు చూడండి. కాగితాలు చూడండి.
7. కంపెనీలు కట్టే కొత్త అపార్టుమెంట్లు, లేఅవుట్ల కోసం 2016లో రెరా చట్టం వచ్చింది. దాని కిందికి వచ్చే ప్రాజెక్టు ప్రకటనలో అబద్ధం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే, ఆ డబ్బు వడ్డీతో సహా తిరిగి అడగవచ్చు.

చర్చించండి

1. బెంగళూరు నుండి వచ్చినవాళ్లు తల్లి చెప్పిన నిజాలు ఎందుకు నమ్మలేదు?
2. పగులును ఫొటో తీయడం వల్ల తల్లికి లాభమా, నష్టమా?
3. బ్రోకరు చేసిన తప్పుకు మాట పడింది ఎవరు?

రాయండి

మీ ఇంటిని కొనడానికి ఎవరో వస్తున్నారు అనుకోండి. ఇంట్లో ఉన్న మూడు మంచి సంగతులు రాయండి. ఒక లోపం కూడా రాయండి. రాసినది మీ సంఘంలో చదివి వినిపించండి.