బోరు అడుగున రాతి ఒత్తిడి కొలవడం ఎలా?

దివిసీమలో రైతు వేసే బోరు మంచినీటి పొర తగలగానే ఆగుతుంది. ఇంకా దిగితే చాలాచోట్ల ఉప్పునీరే. గ్యాస్ కోసం ఓఎన్‌జీసీ తవ్వే బావి మాత్రం ఒండ్రు దాటి కిలోమీటర్ల లోతుకు, గుడివాడ, బంటుమిల్లి ప్రాంతాల కింద రాఘవాపురం షేల్ లాంటి రాళ్లలోకి పోతుంది. అక్కడ రాయిని పైనుంచి బరువు, అడ్డంగా రెండు దిక్కుల ఒత్తిడి నొక్కుతుంటాయి. అవి తెలియకుండా తవ్వితే గోడ కూలుతుంది, లేదంటే డ్రిల్లింగ్ మడ్, అంటే తవ్వేటప్పుడు బోరులో నింపే బురద ద్రవం, దాని బరువుకు రాయి చీలి మడ్ అంతా అందులోకి పోతుంది.

ముందు పైబరువు. దీనికి లెక్క చాలు. డెన్సిటీ లాగ్, అంటే లోతు వారీగా రాతి సాంద్రత నమోదు చూసి ఒక్కో పొర బరువు కూడుతూ రండి. రాతి సాంద్రత సగటున నీటికి 2.3 రెట్లయితే, 3,000 మీటర్ల దగ్గర సుమారు 68 మెగాపాస్కల్స్. అంటే గాలి పీడనానికి దాదాపు 670 రెట్లు.

తర్వాత అడ్డపు ఒత్తిడి. ఇదే అసలు పని. బోరులో ఒక చిన్న ముక్కకు పైనా కిందా ప్యాకర్లు, అంటే ఉబ్బే రబ్బరు బిరడాలు బిగించి, మధ్యలోకి నీరు పంపు చేయండి. ఒత్తిడి పెరిగి పెరిగి హఠాత్తుగా పడుతుంది: రాయి చీలింది. ఆ పైఅంకె చూసి సంబరపడకండి. అందులో రాతి సొంత బలమూ కలిసి ఉంది. పంపు ఆపి, చీలిక మూసుకునే ఒత్తిడి పట్టుకోండి. అడ్డంగా నొక్కే రెంటిలో చిన్నది అదే. మళ్లీ మళ్లీ పంపు చేసినా దాదాపు అదే అంకె వస్తేనే రాసుకోండి. ఈ పద్ధతికి సిద్ధాంతం 1957లో హబ్బర్ట్, విల్లిస్ ఇచ్చారు. 1980లలో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు దీన్ని మన రాళ్ల మీద ప్రయోగించారు.

ఈ అడ్డపు ఒత్తిళ్ల దిక్కు కోసం ఇమేజ్ లాగ్, అంటే బోరు గోడ చిత్రం చూడండి. గోడ రెండు ఎదురెదురు పక్కల రాలి ఉంటే, చిన్న ఒత్తిడి ఆ దిక్కున ఉన్నట్టు. పెద్దది దానికి లంబంగా. చుట్టూ రాలితే అది మడ్ కోసిన కోత, ఒక్క పక్కే అరిగితే పైపు రాపిడి. రెండూ వదిలేయండి. ఈ దిక్కు తర్వాత కూడా పనికొస్తుంది. నాగాయలంక దగ్గర చమురు బిగువైన రాళ్లలో దొరికింది. అలాంటి రాయిని చీల్చి చమురు తీయాలంటే, చీలిక పెద్ద ఒత్తిడి దిక్కునే పాకుతుందని గుర్తుంచుకోవాలి.

ఆ పెద్ద ఒత్తిడి ఎంతో నేరుగా కొలవలేం. చిన్నదాన్ని మూడుతో గుణించి, చీలిక మళ్లీ తెరుచుకున్న ఒత్తిడినీ, రాతి రంధ్రాల్లోని ద్రవపు ఒత్తిడినీ తీసేస్తే అంచనా వస్తుంది. ఈ ప్రాంతాలున్న కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఆ ద్రవపు ఒత్తిడి మామూలు నీటి లెక్కను మించే షేల్స్ ఉన్నాయి. నీటి లెక్కే వేస్తే జవాబు ఎక్కువగా వస్తుంది. అందుకే నేనైతే దీన్ని ఒక్క అంకెగా వేయను, ఇంత నుంచి ఇంత అని రాస్తాను.