కరెంటు పోయినా మరచిపోని మెమరీ



పదో తరగతిలో ఆయిర్‌స్టెడ్ ప్రయోగం చెబుతున్నాను. తీగలో కరెంటు వెళ్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుంది. 1820 నాటి సంగతి. ఒక అమ్మాయి లేచి, "మేడమ్, కరెంటు పోతే కంప్యూటర్‌లో సేవ్ చేయని పని పోతుంది. అయస్కాంతం మాత్రం అలాగే ఉంటుంది కదా, మెమరీని దాంతోనే చేయొచ్చుగా?" అంది. బెల్ మోగింది. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

చేశారు. దాని పేరు ఎంరామ్. అందులో ఒక్కో బిట్‌లో రెండు పలుచని అయస్కాంత పొరలు, మధ్యలో సుమారు 1 నానోమీటరు మందం మెగ్నీషియం ఆక్సైడ్ ఉంటాయి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఒక పొర దిశ స్థిరం, రెండోదాన్ని తిప్పవచ్చు. రెండూ ఒకే వైపు ఉంటే విద్యుత్ నిరోధం తక్కువ, ఎదురెదురుగా ఉంటే ఎక్కువ. అవే మన 0, 1.

తిప్పడం ఎలా? మొదట్లో ఆయిర్‌స్టెడ్ పద్ధతే: పక్కన తీగ, అందులో కరెంటు. కానీ బిట్లు దగ్గరయ్యేకొద్దీ ఆ ప్రభావం పక్కవాటికీ తగులుతుంది. 1996లో జాన్ స్లోన్‌చెవ్‌స్కీ, లూక్ బెర్జర్ విడివిడిగా ఇంకో దారి చూపారు. కరెంటును పొరల గుండానే పంపితే, ఎలక్ట్రాన్లు తమ స్పిన్ ద్వారా రెండో పొరను తిప్పగలవు. కరెంటు దిశ మారిస్తే అది మళ్లీ వెనక్కి తిరుగుతుంది.

ఇదంతా కొన్ని నానోసెకన్లలో అయిపోతుంది కాబట్టి కంటితో చూడలేం. అందుకే సిమ్యులేషన్. 60 నానోమీటర్ల చదరపు పొరను 2 నానోమీటర్ల గళ్లుగా కోస్తే 900 గళ్లు. ప్రతి గడిలో ఒక బాణం గుర్తు. పొరుగు బాణాలు దాన్ని తమ వైపు లాగుతాయి, పదార్థం ఒక దిశను ఇష్టపడుతుంది, కరెంటు తోస్తుంది. బాణం బొంగరంలా ఊగుతుంది. మామూలుగా ఆ ఊపు తగ్గిపోవాలి. కరెంటు చాలినంత ఉంటే ఉయ్యాల ఊపినట్టు పెరిగి పెరిగి బాణం తలకిందులవుతుంది. పికోసెకనులో పదో వంతుకు ఒకసారి లెక్క వేస్తే, 10 నానోసెకన్లకు లక్ష అడుగులు. మొత్తం తొమ్మిది కోట్ల బాణాల లెక్క!

అమెరికాలోని నిస్ట్ సంస్థ తయారుచేసిన ఊమ్ఫ్, బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంవారి మ్యూమాక్స్ ఈ పని చేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు. రెండోది నడిచేది గ్రాఫిక్స్ కార్డు మీద. అవును, గేమ్స్ కోసం పిల్లలు మిమ్మల్ని అడిగే కార్డే.

నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. గళ్లు మరీ పెద్దవైతే పొరుగు బాణాల మధ్య తేడా సరిగా పట్టుబడదు, జవాబు తప్పుతుంది. అయినా తెర మీద రంగుల బొమ్మ అంతే అందంగా కనిపిస్తుంది! అందుకే తెలిసినవాళ్లు గడిని సగం చేసి మళ్లీ నడుపుతారు. జవాబు మారితే మొదటిదాన్ని నమ్మరు. వేడివల్ల బాణాలు వణుకుతాయి కాబట్టి, ఒకే కరెంటుతో చాలాసార్లు నడిపి ఎన్నిసార్లు తిరిగిందో కూడా లెక్కపెడతారు.

ఇది పరీక్షలో రాదు, నిజమే. కానీ సైన్స్ ఫెయిర్‌కు మీ పిల్లలు కంప్యూటర్‌లో ఏదైనా సిమ్యులేషన్ చేసి చూపిస్తే, "బాగుంది" అన్నాక ఒక్క మాట అడగండి: "గళ్లు సగం చేస్తే ఇదే వస్తుందా?"