వరి వంగడాల రూపకల్పనలో వినియోగదారుల అధ్యయనం: ‘ప్రతిరూప రైతు’ భావన

ఏ వస్తువునైనా తయారుచేసేవారు ముందుగా దానిని కొనేవారెవరో తెలుసుకోగోరుతారు. కొత్త వరి వంగడం కూడా అటువంటి వస్తువే. అయినప్పటికీ మన పరిశోధన ప్రణాళికలలో దాని వినియోగదారు తరచుగా ‘సగటు రైతు’గానే దర్శనమిస్తాడు. సొంత భూమి, సకాలంలో నీరు, సిఫారసు చేసిన మోతాదులో ఎరువులు గల ఈ రైతు ప్రయోగ క్షేత్రం గట్టు దాటితే అరుదుగా కనిపిస్తాడు.

సాఫ్ట్‌వేర్ రూపకర్త అలాన్ కూపర్ 1999లో వెలువరించిన గ్రంథం ద్వారా ‘పర్సోనా’ అనే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. వినియోగదారులతో ప్రత్యక్షంగా మాట్లాడి, ఒకే తీరు అవసరాలు, అవరోధాలు గలవారిని ఒక వ్యక్తి చిత్రంగా కూర్చుకోవడం దీని సారాంశం. ఈ వ్యాసంలో దానిని ‘ప్రతిరూప రైతు’ అని వ్యవహరిస్తున్నాను.

ఈ దృష్టి ఎంత అవసరమో మన వరి చరిత్రే చెబుతుంది. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) అగ్గితెగులును, బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. పంటకాలం సుమారు 145 నుంచి 150 రోజులు. తెగుళ్ల పట్టికను మాత్రమే చూసి మార్కులు వేస్తే వెనుకబడవలసిన రకం. అయినా దశాబ్దాలపాటు పొలాలలో నిలిచింది. దాని గింజను మిల్లరు కోరాడు, అన్నాన్ని ఇంటింటా మెచ్చారు. అందువల్ల రైతు సస్యరక్షణ ఖర్చును భరించి కూడా దానినే వేశాడు. 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరిలో ఆ గింజ నాణ్యతను చెక్కుచెదరనీయకుండా ఎండాకు తెగులును నిరోధించే మూడు జన్యువులను చేర్చారు. మార్టేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణకు ముంపును రెండు వారాల వరకు తట్టుకొనే సబ్-1 జన్యువును జోడించి 2009లో స్వర్ణ సబ్-1ను విడుదల చేయడం కూడా ఇదే మార్గం. 2015లో రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోన (ఆర్.ఎన్.ఆర్. 15048) సుమారు 125 రోజులలోనే సన్నగింజను అందించింది, బోరు నీటిని లెక్కపెట్టుకొనే రైతుకు ఆ వ్యత్యాసం విలువ వివరించనక్కరలేదు. వీటి రూపకర్తలు పర్సోనా అనే మాట వాడి ఉండకపోవచ్చు. కానీ వినియోగదారు దేనిని వదులుకోడో గుర్తించడం ఈ రకాలన్నింటిలోనూ కనిపిస్తుంది.

ప్రతిరూప రైతును కూర్చడంలో అసలు చిక్కు నమూనా ఎంపికలో ఉంది. పట్టాదారుల జాబితా నుంచి రైతులను ఎంచుకుంటే కౌలుదారు ఆదిలోనే జారిపోతాడు. కౌలుదారులను గుర్తించడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనూ చట్టాలు వచ్చాయి. అయినా నోటిమాట కౌలు కాగితంపైకి రాకపోవడం క్షేత్రంలో పనిచేసే వారందరికీ తెలిసినదే. విత్తనం ఎంచేది కౌలుదారు, సర్వేలో జవాబు చెప్పేది భూయజమాని అయినప్పుడు ఆ సమాచారంతో ఎవరికోసం వంగడం తయారవుతుంది? నాట్లు, కలుపు తీత పనులు చేసే మహిళల మాట కూడా ఇలాగే తప్పిపోతోంది.

విద్యార్థులకు ఇక్కడ ఒక మాట. మన విస్తరణ విభాగపు సిద్ధాంత గ్రంథాలలో సగటుకు ప్రామాణిక విచలనాన్ని కలిపి, తీసివేసి రైతులను అల్ప, మధ్యమ, అధిక స్వీకరణ వర్గాలుగా విభజించడం ఆనవాయితీ. సాధారణ వితరణలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మధ్యమ వర్గంలో పడక తప్పదు. అది గణితం చెప్పిన జవాబు. రైతు చెప్పినది కాదు.

కృష్ణా డెల్టా చివరి ఆయకట్టులోని ఒక కౌలు రైతు ప్రతిరూపాన్ని పరిశీలిద్దాం. ఇది బోధనార్థం కూర్చిన చిత్రమే కానీ సర్వే ఫలితం కాదు. ఇతనికి కాలువ నీరు ఆలస్యంగా అందుతుంది కాబట్టి నాట్లూ ఆలస్యమే. కౌలు ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే ఖాయమైంది. కోత యంత్రం నుంచి దిగిన పచ్చి ధాన్యాన్ని ఆరబెట్టే చోటు లేక కళ్లంలోనే అమ్ముతాడు. వరి కౌలుకు, పెట్టుబడికి సరిపోతే, మిగులుపై ఆశ తరువాత వేసే మినుముమీదనే.

ఈ చిత్రం ముందుంచుకుంటే ప్రజననకర్త ప్రాధాన్యాలు మారుతాయి. కౌలు స్థిరం కాబట్టి మంచి ఏడాదిలో వచ్చే గరిష్ఠ దిగుబడికన్నా చెడ్డ ఏడాదిలో దక్కే కనీస దిగుబడే ఇతనికి ముఖ్యం. వరి పంటకాలం పది రోజులు పెరిగితే మినుము విత్తే అదను పోతుంది. కాబట్టి రెండు పంటల ఆదాయాన్నీ కలిపి లెక్కించనిదే రకాల మధ్య పోలిక సరిపోదు. నవంబరు తుపానులకు పడిపోని కాండం, కంకిమీదనే మొలకెత్తకుండా రెండు మూడు వారాల విత్తన నిద్రావస్థ తప్పనిసరి లక్షణాలవుతాయి. యాసంగిలో బోరు కింద వరి వేసే తెలంగాణ రైతు ప్రతిరూపంలోనైతే పక్వదశలోని ఎండలకు పెరిగే నూక శాతం ముందుకు వస్తుంది. ఒకే రకం ఈ ఇద్దరినీ తృప్తిపరచగలదని నేను భావించను.

సంభాషణలో “ఎటువంటి రకం కావాలి?” అని అడగడంవల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు, అందరూ అధిక దిగుబడి అంటారు. గత సీజనులో ఏ రకం వేశారు, విత్తనం ఎక్కడ తెచ్చారు, అప్పు ఎవరిచ్చారు, ఏ రకాన్ని ఎందుకు మానేశారు అని అడగాలి. విత్తన దుకాణదారును, మిల్లరును విడిగా కలవాలి. కులాన్నో జిల్లానో చూసి ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలను ప్రతిరూపంగా చలామణీ చేయడం ఈ పద్ధతికి పెద్ద ప్రమాదం. ప్రతి వాక్యానికీ వెనుక క్షేత్ర సంభాషణ నమోదై ఉండాలి. కోత యంత్రాలు, వెదజల్లే పద్ధతి విస్తరించిన ప్రాంతాలలో పాత చిత్రాన్ని తిరగరాయాలి.

చిరుసంచుల దశలో దీనిని పరీక్షించవచ్చు. సంచులను ఆదర్శ రైతులకే ఇవ్వకుండా, ప్రతిరూపానికి సరిపోలే కౌలుదారులకు వారి నాట్ల తేదీలకు అనుగుణంగా అందజేయాలి. దిగుబడితోపాటు అమ్మిన ధర, మినుము విత్తిన తేదీ కూడా నమోదు చేయాలి. మరుసటి ఏడాది అదే రైతు ఆ విత్తనాన్ని తిరిగి వేశాడా లేదా అన్నది పరిశీలన పత్రంలో విడి గడిగా చేర్చాలి.