దూరానికి కొలమానం

దూరాన్ని కొలిచే పద్ధతి ప్రయాణ సాధనాలను బట్టి మారుతూ వచ్చింది. కాలినడక, ఎడ్లబండి మాత్రమే ఉన్న కాలంలో మన పెద్దలు దూరాన్ని ఆమడలలో చెప్పుకొనేవారు. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళు. ఆ లెక్కన ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగు ఆమడన్నర దూరం. ఎడ్లబండికి ఒక పూట ప్రయాణం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, కడప మీదుగా సాగి, తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. తాను విడిసిన మజిలీలను, చూసిన ఊళ్ళను ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో వర్ణించారు.

విమానం వచ్చిన తరువాత దూరం గంటల లెక్కకు మారింది. 2015 జూన్‌లో కడప విమానాశ్రయం నుండి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. కడప నుండి హైదరాబాదుకు రోడ్డు మార్గం 400 కిలోమీటర్ల పైచిలుకు. కొండలను, నదులను చుట్టి పోవలసిన అవసరం లేనందువల్ల గగనమార్గం దాదాపు 305 కిలోమీటర్లే. అది సుమారు గంట ప్రయాణం.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుండి ఎందరో బతుకుతెరువు కోసం కువైట్ వెళ్తుంటారు. కడపది దేశీయ విమానాశ్రయం కాబట్టి వారు ముందుగా హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు చేరుకోవాలి. హైదరాబాదు నుండి కువైట్‌కు గగనమార్గం దాదాపు 3,370 కిలోమీటర్లు. ప్రయాణకాలం సుమారు అయిదు గంటలు. ఉదయం ఆరు గంటలకు బయలుదేరిన విమానం మన లెక్క ప్రకారం పదకొండు గంటలకు దిగుతుంది. అప్పుడు కువైట్ గడియారం ఎనిమిదిన్నర చూపుతుంది. అక్కడి కాలం మనకంటే రెండున్నర గంటలు వెనుక. శీతకాలంలో ఎగువ ఆకాశంలో పడమటి గాలులు బలంగా వీస్తాయి. అందువల్ల పోయేటప్పటి కంటే తిరిగి వచ్చేటప్పుడు తక్కువ సమయం పడుతుంది.

అయిదు గంటల దూరమే అయినా, ఇంట్లో ఎదురుచూసే బిడ్డకు తల్లి ఏళ్ళ తరబడి కనిపించకపోవచ్చు. చేసిన అప్పు, పని ఒప్పందం, దొరకని సెలవు ఆ దూరాన్ని పెంచుతాయి. ఇంటిపని చేసేవారికి ఏటా 30 రోజుల వేతన సెలవు ఇవ్వాలనీ, వారి పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదనీ కువైట్ 2015లో చట్టం చేసింది. వెళ్ళేవారు ఈ హక్కులను ముందే తెలుసుకోవాలి. చదువుకొన్న పిల్లలు ఒప్పంద పత్రాన్ని పెద్దలకు చదివి వినిపించాలి. విమానం భూమి మీది దూరాన్ని తగ్గించగలదు. మనుషుల మధ్య ఎడబాటును తగ్గించేది న్యాయమైన ఒప్పందం, దాన్ని గుర్తెరిగిన చదువు.

అభ్యాసం

1. రోడ్డు మార్గం కంటే గగనమార్గం ఎందుకు తక్కువ?
2. కువైట్‌లో ఉదయం ఆరు గంటలకు బయలుదేరిన విమానం నాలుగున్నర గంటలు ప్రయాణిస్తే, అది దిగినప్పుడు హైదరాబాదులో సమయం ఎంత?
3. ‘దూరం వేరు, ఎడబాటు వేరు’ – పాఠం ఆధారంగా వివరించండి.