వేళకు బదులిచ్చు కంప్యూటరు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది. ఆ ప్రాంతమందలి స్టూవర్టుపురము వంటి గ్రామములకు కంప్యూటర్ల సాయమున వచ్చు హెచ్చరిక సరియైనదైన చాలదు, వేళకు అందవలెను. గడువు మీరిన సమాధానము తప్పుతో సమానమగు ఇట్టి కార్యములనే 'రియల్ టైమ్' కార్యములందురు.

కంప్యూటరు మెమరీ పంచాయతీ కార్యాలయపు బల్ల వంటిది. డిస్కు బీరువా వంటిది. బల్లపై చోటు చాలనప్పుడు కొన్ని కాగితములను బీరువాలో ఉంచి, అవసరమైనపుడు మరల తీసికొందుము. ఇట్లు చిన్న బల్లనే పెద్దదిగా వాడుకొను పద్ధతి 'వర్చువల్ మెమరీ'. 1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయపు అట్లాస్ కంప్యూటరు దీనిని ఆచరణలోనికి తెచ్చినది. మేలు గొప్పదే, కాని డిస్కు మెమరీకన్న ఎంతో నెమ్మది. ఏ పనికి ఎంత ఆలస్యమగునో ముందుగా చెప్పజాలము.

కావున రియల్ టైమ్ పనికి కావలసిన పేజీలను ముందుగనే మెమరీలోనికి తెచ్చి, కదలకుండ బిగించి ఉంచవలెను. అన్నిటిని బిగించినచో ఇతర కార్యములకు చోటు మిగులదు. అత్యవసరమైన వానినే ఎన్నుకొనవలెను.

పంచాయతీ సభ్యులకు మా మనవి: తుపానుల కాలమున ఆశ్రయ కేంద్రపు తాళపుచెవి, వృద్ధుల, గర్భిణీ స్త్రీల జాబితా బల్లపైననే ఉండవలెను. గాలి లేచిన పిమ్మట బీరువా వెదకుట వ్యర్థము.